ఖరగ్‌పూర్‌లో పేనిన మోకు

తాడు కోసం రైలెక్కి ఒడిశా మొత్తం దాటి వెళ్ళినదాన్ని మా భీమిలిలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. "మన రేవులో తాళ్ళకేం కరువొచ్చింది?" అన్నారు మా ఆయన. కరువేమీ రాలేదు. నీలంవి, పచ్చవి, నిగనిగలాడే నైలాన్ తాళ్ళు కావలసినన్ని ఉన్నాయి. మాకు కావలసింది మూడు వందల ఏళ్ళ కిందటి తాడు.

మేం పదకొండు మందిమి. నెలకో ఆదివారం పాత రేవు పక్క ఇసుకలో ఓడదొంగల వేషాలు కట్టి, ఆ కాలాన్ని జనానికి ఆడి చూపిస్తాం. బ్యాంకులో పనిచేసే ఒకాయన మాకు కెప్టెన్. ఫిజిక్స్ లెక్చరర్ గారు ఫిరంగి చూసుకుంటారు, అందులోంచి వచ్చేది పొగే అనుకోండి. నేను లేడీస్ టైలర్ని. నా పని బట్టలు. చేతికుట్టు తప్ప మిషను కుట్టు పైకి కనబడనివ్వను. బొత్తాలు కొయ్యవి. ఎవరి లాగుకైనా జిప్పు కనబడితే నాకు జ్వరం వచ్చినంత పని. అలాంటిది, కిందటేడు చూడవచ్చిన ఒక పెద్దమనిషి మా పడవ లంగరుకు కట్టిన నైలాన్ తాడు పట్టుకుని, "ఓడదొంగలు హార్డ్‌వేర్ షాపులో కొన్నారా అమ్మా?" అని అందరి ముందూ అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

తరవాత ఎవరో ఫోన్లో ఒక వీడియో పంపారు. ఖరగ్‌పూర్‌లో ఒక ముసలాయన ఇంటి ముందు సందులో చేత్తో మోకు పేనుతున్నాడు. రైల్వే వర్క్‌షాప్‌లో ఖలాసీగా చేరి, రిగ్గరుగా రిటైరైన మన తెలుగాయన, పేరు పైడయ్య. రిగ్గరంటే క్రేన్ కింద నిలబడి బరువులకు తాళ్ళు కట్టి ఎత్తించే మనిషి. ఫోన్ చేస్తే, "జనుము నూలు మీరే తెచ్చుకోండి. మూడు రోజులుండాల. అయితే అవుద్ది, లేపోతే లేదు" అన్నారు. ఆ చివరి మాట పెద్దవాళ్ళ ఊతపదమనుకున్నాను.

ప్లాట్‌ఫామ్ మీద

తెల్లారి ఖరగ్‌పూర్‌లో దిగాను. ఆ ప్లాట్‌ఫామ్ పొడుగు గురించి చాలా విన్నాను గానీ, రెండు సంచుల జనుము నూలు మోస్తూ నడిచినవాళ్ళకే దాని అసలు పొడుగు తెలుస్తుంది. సగం దూరంలో ఒక కానిస్టేబుల్ ఆపి బ్యాగు తెరిపించాడు. ముసలాయనకు మా పని చూపిద్దామని నేను తీసుకెళ్ళిన సరంజామా అంతా ఒక్కొక్కటే బయటికొచ్చింది. చెక్క కత్తి. పేలని పిస్తోలు. మా కెప్టెన్ కోటు. పుర్రె బొమ్మ నల్లజెండా.

జెండా విప్పి చూసి అతను కత్తిని వదిలేశాడు. "యే కౌన్సా పార్టీ హై?" అని అడిగాడు.

పార్టీ కాదు నాటకం అని నా హిందీలో చెబుతుంటే నాకే నమ్మకంగా లేదు. పక్కన పార్సిలు బండి తోస్తున్న ఒకాయన నా యాస విని ఆగాడు. "ఏటమ్మా, ఏ ఊరు మీది?" భీమిలి అన్నాను. "మాది పలాస అవతల. అదీ మా తాత నాటి మాట లెండి" అని, కానిస్టేబుల్‌తో బెంగాలీలో ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వారు. పైడయ్య గారి పేరు చెప్పగానే నూలు సంచులు తన బండి మీద వేసుకుని గేటు దాకా తెచ్చాడు. డబ్బులివ్వబోతే, "పైడయ్య మామ ఇంటికొచ్చినోళ్ళ దగ్గరా?" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఓల్డ్ సెటిల్‌మెంట్

టోటో అనే బ్యాటరీ బండిలో వెళ్తుండగా వాన పట్టుకుంది. నా బ్యాగూ నేనూ తడిసి ముద్దయ్యాం. ఓల్డ్ సెటిల్‌మెంట్ అంటే పాత రైల్వే కాలనీ. ఎర్ర ఇటుక క్వార్టర్లు, వరస వరసకీ మధ్య సైకిళ్ళు తిరిగే సందులు, అరుగుల మీద మన ముగ్గులు. ఒక గుమ్మంలో తెలుగు, ఎదుటి గుమ్మంలో బెంగాలీ, మధ్యలో చేపలమ్మితో బేరం మాత్రం హిందీలో.

పైడయ్య గారికి డెబ్భై దాటాయి. మనిషి సన్నం, చేతులు మాత్రం ఆ ఒంటికి చెందినవి కావన్నంత పెద్దవి. భార్య నరసమ్మ గారు నన్ను చూడగానే తువ్వాలు తెచ్చి తల తుడిచేశారు, అడగలేదు కూడా. క్వార్టర్ కూతురిదట. ఆమె వర్క్‌షాప్‌లోనే హెల్పరు, ఆ వారం ట్రైనింగుకి వేరే ఊరు వెళ్ళింది. ఆమె గది నాకిచ్చారు. ఇంట్లో ఒక కొడుకు కూడా ఉన్నాడు, పేరు తవుడు, ఫ్యాక్టరీ డ్యూటీలో ఉన్నాడని చెప్పారు.

తడిసిన కోటు, జెండా వరండా తీగ మీద ఆరేశాను. పెద్ద తప్పు అక్కడే చేశాను. అప్పటికి తప్పని తెలియదు.

మధ్యాహ్నం పళ్ళెంలో ఒక పక్క మన నెత్తళ్ళ పులుసు, ఇంకో పక్క వాళ్ళ ఆలూ పోస్తో, అంటే గసగసాలు నూరి వేసిన బంగాళాదుంప కూర. గసగసాల ధర చెబితే నాకు ముద్ద దిగలేదు. మనం మసాలాలో చిటికెడు వేసుకునేదాన్ని వీళ్ళు కూరంతా వండుకుంటారు. "తినమ్మా, గెస్టొచ్చినప్పుడే సేస్తాను" అన్నారు నరసమ్మ గారు.

తిన్నాక పైడయ్య గారు తన సామాను చూపించారు. ఒక కొయ్య దిమ్మకు మూడు కొక్కేలు. పాత సైకిలు చెయినుతో మూడూ ఒకేసారి తిరిగేలా ఒక చేపిడి, అంటే చేత్తో తిప్పే పిడి. అవతలి కొసకు తిరుగుడు కొక్కెం ఒక్కటే. మధ్యలో నడవడానికి, మూడు గాడులు చెక్కిన కొయ్య బొంగరం. మూడు పురులూ ఆ గాడుల్లోంచి వచ్చి వెనక ఒక్కటిగా పెనవేసుకుంటాయి.

"ముగ్గురుండాలమ్మా. నాను సేపిడి తిప్పుతాను. బొంగరం మీరు ఒట్టుకు నడండి. ఆ సివర ఒకడు కొక్కెం ఒట్టుకుని బిగువుగా నిలబడాల. పురి పడతన్నకొద్దీ మోకు పొట్టవుద్ది, వాడు అడుగడుగూ ముందుకి రావాల. వదిలీసినాడా, అంతా సిక్కే."

"మాట్లాడుకోవచ్చా?" అని అడిగాను, నా సంగతి నాకు తెలుసు గనక.

ఆయన నవ్వలేదు. "బరువు కొక్కేనికెక్కినాక ఒక్క గొంతే పలకాల. మా షాపులో అదీ రూలు. ఇద్దరు అరిస్తే క్రేన్ మీదున్నోడు ఎవుడి మాట ఇంటాడు? ఒకడి కాలు పోనాది నా కళ్ళ ముందర. హబీస్ అంటే ఎత్తు. ఆరియా అంటే దించు. ఆరియా అన్నీదాకా ఎవుడూ సెయ్యి వదల్డానికి లేదు."

ఆరియా అన్న మాట నాకు కొత్త కాదు. వెనకటి ఓడల మీద తెరచాప దించమనడానికి సరంగులు అనేవారని చదివాను. సముద్రం కనబడని ఈ రైల్వే ఊళ్ళో అది క్రేన్ల కింద ఇంకా బతికే ఉంది. మా ఆదివారం గుంపుకు చెప్పడానికి మంచి ముక్క దొరికిందని సంబరపడ్డాను.

తీగ మీద కోటు

మూడు దాటాక తవుడు వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీలో సరుకు లోడింగ్ పని. సైకిలు గోడకు ఆనించి, తీగ ముందు ఆగిపోయాడు. కోటు చెయ్యి పట్టుకుని కుట్టు చూశాడు.

"ఇది ఎవుడి కొలత దీదీ?" అని అడిగాడు.

నాకు ఇంతకంటే ఇష్టమైన ప్రశ్న లేదు. మా గుంపులో ఎవరు కొత్తగా చేరినా ముందు ఇదే పాఠం చెబుతాను. "ఎవరి కొలతా కాదు తమ్ముడూ. అదే అందులో గొప్ప. ఓడదొంగలు బట్టలు కుట్టించుకోరు, పట్టుబడ్డవాళ్ళ ఒంటి మీదివి లాక్కుంటారు. అందుకని దొంగ బట్ట దొంగకి సరిపోకూడదు. భుజాలు జారాలి, లేదా చేతులు చాలకూడదు. సరిగ్గా కూర్చుందంటే ఆ వేషం తప్పన్నమాట" అని, చేతులు తిప్పుతూ చెప్పాను.

అతను విన్నాడు. తల ఊపాడు. కోటు చెయ్యి మెల్లగా వదిలి, లోపలికి వెళ్ళకుండా సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు. నరసమ్మ గారు అన్నం గిన్నెతో గుమ్మంలో నిలబడిపోయారు.

ఆ సాయంత్రం పైడయ్య గారు చెప్పారు. తవుడు ఓడ మీద పని చేసేవాడు. తాళ్ళ పని చిన్నప్పుడే తండ్రి దగ్గర నేర్చాడు, ఆ చేతిపనే ఓడెక్కించింది. మూడేళ్ళ కిందట ఆఫ్రికా పక్కన ఆ ఓడని సముద్రపు దొంగలు పట్టారు. ఏడు నెలలు. ఎవరో ఏదో కట్టి విడిపించారు, ఇంటికొచ్చాడు. వచ్చినప్పటి నుంచీ ఆ ఏడు నెలల గురించి ఒక్క మాట చెప్పలేదు. తాడు ముట్టలేదు. తలుపు మూసిన గదిలో పడుకోడు.

"మోకు కావాలని మీరు ఫోన్ సేసినప్పుడు ఒప్పుకున్నాను. నా సేతుల్లో బలం లేదు, మోకు అంటే వాడు ఆ సివర ఒట్టుకోవాల. ఒట్టుకుంటాడేమోనని ఆశ. ఇంకెవుణ్ణీ ఒట్టుకోనివ్వను. వాడు ఒట్టుకుంటే మోకవుద్ది. లేపోతే మీ నూలు మీకిచ్చెస్తాను" అన్నారాయన.

ఫోన్లో అన్న మాటకు అర్థం అప్పుడు తెలిసింది. లేచి కోటు, జెండా తీసి, తడివి తడిగానే బ్యాగు అడుక్కి కుక్కేశాను. నేను వెళ్ళిపోతాను బాబాయ్ అన్నాను. "తాడేటి తప్పు సేసినాది?" అన్నారు, నన్ను మాత్రం ఏమీ అనలేదు.

నరసమ్మ గారు బియ్యం ఏరుతూ చెప్పారు. "వాడికి ముందు ఇద్దరు పుట్టి పోనారు. మూడోవోణ్ణి పుట్టగానే పొరుగమ్మకిచ్చీసి, సేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కున్నాను. కొన్న పిల్లోడైతే దేవుడు సూడ్డని. అందుకే తవుడన్నాం. ఓడోళ్ళు ఎంతిచ్చి తెచ్చినారో నాకు తెలీదమ్మా. ముందు కొన్నది నాను."

మా వైపు తవుడన్న పేరు వందల్లో విన్నాను. అదొక ఆచారమనే తెలుసు. ఆమె నోట విన్నాక దాని బరువు తెలిసింది.

తమ్లుక్

మర్నాడు విశ్వకర్మ పూజ. ఖరగ్‌పూర్‌లో ఆ రోజు పనిముట్టు ముట్టుకోరు. సైకిలు షాపులో పానాలకు కూడా బొట్లు పెట్టారు. పైడయ్య గారి చేపిడికి బంతిపూల దండ వేశారు. కొయ్య బొంగరానికి ఎవరో నూనె రాశారు. నేను కాదు అన్నారు పైడయ్య గారు. నేనూ కాదన్నారు నరసమ్మ గారు. ఇద్దరూ తవుడు సైకిలు వైపు చూశారు.

మోకు పని లేదు కాబట్టి బస్సెక్కి తమ్లుక్ వెళ్ళాను. పూర్వం తామ్రలిప్తి అనే మహారేవు అదే. సింహళానికీ, అవతలి దీవులకూ ఓడలు అక్కడి నుంచే వెళ్ళేవట. టీ కొట్టు ఆమెను రేవెక్కడ అని అడిగితే వింతగా చూసింది. ఆకాశం నిండా విశ్వకర్మ పూజ గాలిపటాలు. కింద వరిచేలు, చేపల చెరువులు. సముద్రం ఎప్పుడో దూరంగా వెళ్ళిపోయింది, ఊరు ఇక్కడే ఉండిపోయింది.

పది రూపాయల టీ తాగి, మూరీ తిన్నాను. మనకి మరమరాలంటే సాయంత్రం చిరుతిండి. ఈ మేదినీపూర్ జిల్లాల వాళ్ళకది భోజనం. గిన్నె నిండా పోసి, ఘుగ్నీ అనే బటాణీ కూర కలిపి, పక్కన పచ్చిమిరపకాయ పెట్టిస్తారు. నేను తింటుంటే రోడ్డు మీద ఇద్దరు కుర్రాళ్ళు మోటారు సైకిలుతో ఆమె బల్లను గుద్ది, ఆగకుండా పోయారు. ఆమె వెనక నుంచి "హార్మాద్!" అని అరిచింది.

ఆ మాట పుస్తకాల్లో చదివాను. మూడు వందల ఏళ్ళ కిందట ఈ నదుల్లోకి పడవలేసుకొచ్చి, ఊళ్ళ మీద పడి మనుషుల్ని పట్టుకుపోయిన ఓడదొంగల పేరది. పట్టుబడ్డవాళ్ళ అరచేతులకు బెజ్జాలు పొడిచి, బెత్తం దూర్చి, దండలా గుచ్చి పడవ అడుగున పడేసేవారట. ఈ తీరం రేవుల్లోనే అమ్మేవారట. అంటే ఏమిటి దీదీ అని ఆమెను అడిగాను. "బందిపోట్లు. మా అత్తగారు అనేది, నేనూ అంటున్నాను" అంది, ఒలికిన టీ తుడుస్తూ.

తిరుగు బస్సులో కూర్చుని ఆలోచించాను. మా వేషాలకి బొత్తం ఏ కొయ్యదో, దారం ఎన్ని పేటలదో నేను చెప్పగలను. పడవ అడుగున ఉన్నవాళ్ళ ఒంటి మీద ఏముండేదో నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. ఇన్నేళ్ళలో ఒక్క బందీ బట్ట కుట్టలేదు నేను.

ఇంటి ముందు సందు

మూడో రోజు పొద్దున్నే వాన వెలిసింది. పైడయ్య గారు దిమ్మను గుంజకు బిగించి, మూడు పురుల నూలు సందు పొడుగునా చాపారు. అవతలి కొస తిరుగుడు కొక్కెం నేల మీద పెట్టి, వెనక్కి వచ్చి చేపిడి దగ్గర నిలబడ్డారు. ఎవరినీ పిలవలేదు.

సందులో జనం పోగయ్యారు. "నాను ఒట్టుకోనా మామా?" అని ఎదురింటతను వచ్చాడు. "ఒద్దు" అన్నారు. ఇంకో బెంగాలీ ఆయన చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చాడు. "ఒద్దు దాదా." ఆయన చూపు కొక్కెం మీద నుంచి కదల్లేదు. నేను బొంగరం పట్టుకుని మధ్యలో దిష్టిబొమ్మలా నిలబడ్డాను. ఈ మోకు అవ్వకపోతే మా ఆదివారం ఆటకు లోటేమీ రాదు. ఆయనకి మాత్రం కొడుకు చేత తాడు ముట్టించడానికి ఇంకో దారి లేదు.

తవుడుది ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ. టిఫిను డబ్బా సైకిలుకు తగిలించుకుని బయటికొచ్చాడు. సందు నిండా చాచిన నూలు చూశాడు, బురదలో కొక్కెం చూశాడు.

"నూలు తడిసిపోతంది నానా" అన్నాడు.

పైడయ్య గారు చేపిడి మీద చెయ్యి వేశారు.

తవుడు సైకిలుకు స్టాండు వేశాడు. వంగి కొక్కెం తీసి, లుంగీకి బురద తుడిచి, రెండు చేతులతో పట్టుకుని వెనక్కి వాలాడు. నూలు నేల మీద నుంచి లేచి బిగుసుకుంది.

"హబీస్" అన్నారు పైడయ్య గారు.

చేపిడి తిరగడం మొదలైంది. పురులు ఎక్కుతున్నకొద్దీ బిగువు పెరిగింది. కాసేపటికి ఆయన చెయ్యెత్తగానే నేను తవుడు దగ్గరకు వెళ్ళి బొంగరాన్ని మూడు పురుల మధ్య దూర్చాను. దాని వెనక మోకు పెనవేసుకోవడం మొదలైంది, నన్ను నెట్టుకుంటూ. ఇక ఆగకూడదు. అప్పటికి తవుడుకి నాకు మధ్య జానెడు దూరం.

రూలు మరిచిపోయాను. "తమ్ముడూ, మొన్న తెలియక అన్నాను" అని గొణిగాను.

"మీరు సరిగ్గానే సెప్పినారు దీదీ" అన్నాడతను, అంతే మెల్లగా. "దొంగకి బట్ట సరిపోదు."

నేను ఒక అడుగు వేశాను.

"ఓడ పట్టినాక మూడో రోజో నాలుగో రోజో, ఆ దొంగల్లో ఒకడు నా సొక్కా ఏసుకొచ్చినాడు. గళ్ళ సొక్కా. మా గోల్ బజార్లో కొన్నది. పొడుగోడు వాడు. సేతులు సాలలేదు. బొత్తాలు అందలేదు."

ఇంకో రెండడుగులు. వినబడదనుకున్నాడో ఏమో, గొంతు కాస్త పెంచాడు. నాకు వెనక్కి తిరిగి చూడాలని ఉంది. బొంగరం నన్ను ముందుకు లాక్కుపోతోంది.

"ఓడ మీద మిగతావోళ్ళ బట్టల్లో కలిసిపోద్దని అమ్మ కాలరు లోపల పచ్చదారంతో మూడు కుట్లెట్టింది. తుపాకీకి అలవాటు పడిపోనాను దీదీ. కొడితే కొట్టనీ. వాడు వంగినప్పుడల్లా కాలరు తిరిగి ఆ మూడు కుట్లు అవుపడీవి. అదీ సూడ్లేకపోనాను."

నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. అతను ఇప్పుడు మామూలు గొంతుతో మాట్లాడుతున్నాడు. అరుగుల మీద ఒక్కరు కదల్లేదు. ఒక్క గొంతే పలకాలన్న రూలు ఆ సందులో అందరికీ తెలుసు. పైడయ్య గారి చేపిడి ఒక్క లెక్కన తిరుగుతోంది.

"వాడికి జొరం వొచ్చినాది ఒకరోజు. నీళ్ళియ్యమన్నాడు. తల ఎత్తిపట్టుకుని తాగించినాను. మావోళ్ళందరూ నన్ను తిట్టినారు, దొంగెదవకి సేవ సేస్తన్నావా అని. వాడి కోసం కాదు. నీళ్ళొలికితే సొక్కా పాడైపోద్దని."

సందు సగం దాటాను. అతను దాదాపు అరుస్తున్నాడు. అది కోపం కాదు, దూరం వల్ల వచ్చిన అరుపు.

"వొదిలీసిన రోజు వాడు ఎదురుగా ఉన్నాడు. అదే సొక్కా. నా సొక్కా నాకియ్యి అనలేదు. ప్రాణం దక్కితే సాలనుకున్నాను. ఇంటికొచ్చినాక అమ్మ అడిగినాది, సొక్కా ఏదిరా అని. సముద్రంలో పోనాదన్నాను. పోలేదు అమ్మా. వాడి ఒంటి మీద ఉన్నాది. నాను అడగలేదు."

బొంగరం వచ్చి దిమ్మకు తగిలింది. నా ఎదుటే పైడయ్య గారు. ఆయన గడ్డం తడిసిపోయింది, చెయ్యి మాత్రం చేపిడి మీదే ఉంది. నేను వెనక్కి తిరిగాను. తవుడు మొదట్లోకంటే చాలా దగ్గరకొచ్చి ఉన్నాడు. మోకు పొట్టవుతుంటే ఒక్కొక్క అడుగే వేస్తూ, కొక్కెం బిగువు పోకుండా, సందులో మూడో వంతు నడిచి వచ్చేశాడు. చేతుల నరాలు తేలి ఉన్నాయి.

మోకు అయిపోయింది. ఇక ఆయన ఆ మాట అనాలి. ఆయన నోరు తెరిచారు, గొంతు రాలేదు. మళ్ళీ ప్రయత్నించారు. తవుడు తండ్రి ముఖమే చూస్తూ, అలాగే వెనక్కి వాలి పట్టుకున్నాడు. అనేదాకా వదలడు.

గుమ్మంలోంచి నరసమ్మ గారు అరుగు దిగారు. నలభై ఏళ్ళు మొగుడి నోట విన్న మాట.

"ఆరియా, నాయినా" అన్నారు. "దించీ."

తవుడు చేతులు దింపాడు. ఆ కొక్కెంతోపాటే కిందికి కూర్చుండిపోయాడు, ఆమె వెళ్ళి పక్కన బురదలోనే కూలబడ్డారు. నేను ఏడ్చాను, దాచడానికేముంది. ఎదురింటతను కూడా.

కాసేపయ్యాక పైడయ్య గారు మోకు పొడుగునా అరచెయ్యి రాస్తూ నడిచి, కొడుకు దాకా వచ్చారు. "పురి సమానంగా పడ్డాది" అన్నారు. ఒంగి, విడిపోకుండా కొస కట్టడానికి దారం తీసి కొడుకు చేతిలో పెట్టారు. తవుడే కట్టాడు. ఆ రోజు డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళాడు.

గోల్ బజార్

మర్నాడు సాయంత్రం నా బండి. పొద్దున్నే నరసమ్మ గారితో గోల్ బజార్ వెళ్ళాను. బయల్దేరే ముందు తవుడుని ఒక మాట అడిగాను. మా కెప్టెన్‌కి ఆ కోటు తీసేసి, చాలీచాలని గళ్ళ చొక్కా వెయ్యనా అని. వద్దంటే చచ్చినా వెయ్యనని కూడా చెప్పాను. సైకిలు చెయిను తుడుచుకుంటూ ఆలోచించాడు. "ఎయ్యండి దీదీ. బొత్తాలు అందకూడదు" అన్నాడు.

బట్టల కొట్టులో తానులన్నీ కిందికి దింపించి, ఆ గళ్ళు ఏరింది నరసమ్మ గారే. నీలంలో సన్న తెల్లగీత. మీటరు నూట అరవై చెప్పాడు, ఆవిడ బెంగాలీలో వాదించి నూట ముప్ఫైకి తెచ్చారు. మా విశాఖలో అయితే నేను రెండొందలు పెట్టి నోరు మూసుకుని వచ్చేదాన్ని.

స్టేషనుకు బయల్దేరుతుంటే ఆవిడ పెట్టెలోంచి ఒక దారపు ఉండ తెచ్చి నా చేతిలో పెట్టారు. పచ్చదారం. సగానికి పైగా అయిపోయింది.

"కాలరు లోపల మూడు కుట్లెయ్యి. పక్కపక్కనే, కొంచెం ఏటవాలుగా" అన్నారు.

దొంగ వేషానికా అమ్మా, మీ గుర్తు, అన్నాను. నాకు మనసొప్పలేదు.

"ఎయ్యమ్మా. సూసినోళ్ళకి తెలవాల కదా, ఆ సొక్కా వాడిది కాదని."

మోకు భుజాన వేసుకుని మళ్ళీ ఆ ప్లాట్‌ఫామ్ పొడుగంతా నడిచాను. ఈసారి ఎవరూ ఆపలేదు.

ఇప్పుడు మా భీమిలి ఇసుకలో పడవ ఆ మోకుతోనే నిలుస్తోంది. వచ్చినవాళ్ళలో తాడు గురించి అడిగేవాళ్ళు తక్కువ. కెప్టెన్ కోటు ఏమైందని మాత్రం అందరూ అడుగుతారు. అప్పుడు మా బ్యాంకు ఆయన, బొత్తాలు అందని ఆ చొక్కా కాలరు వెనక్కి మడిచి, దగ్గరకొచ్చి చూడమంటాడు. ఆ మూడు కుట్లు కుదరడానికి నేను నాలుగుసార్లు విప్పి మళ్ళీ వేశాను. ముప్ఫై ఏళ్ళ కుట్టుపనిలో ఏ కుట్టునీ అన్నిసార్లు విప్పలేదు.